మా వార్డు భాగహారం

ప్రమాదాల వార్డులో నర్సుగా నాకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. దెబ్బలతో వచ్చిన మనిషి పాదాలు పట్టుకుని, ఎంత చల్లగా ఉన్నాయో చూసి, "నాలుగు యూనిట్లు" అన్నానంటే డాక్టర్లు కూడా మారు మాట్లాడకుండా రక్తం తెప్పించేవారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని వినడమే గానీ, ఆ పిల్ల వచ్చేదాకా నమ్మలేదు.

ఏడాది కిందటే మా వార్డులో నర్సుగా చేరింది. సన్నటి మనిషి, మెల్లటి మాట. మంచం పట్టిన అత్తగారికి అన్నం తినిపించి, రెండు బస్సులు మారి వచ్చినా ఒక్క నిమిషం ఆలస్యం కాదు. అదీ నాకు కిట్టేది కాదు. పల్సును బీపీ పై అంకెతో భాగించి అరచేతిలో రాసుకునేది. ఒకటి దాటిందా, లోపల నెత్తురు కారుతోందని బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసేది. వెక్కిరింపుగా "భాగహారం" అని పేరు పెట్టింది నేనే. "మన భాగహారం ఏమంటోంది?" అని పెద్ద డాక్టరు ముద్దుగా అడగడం మొదలుపెట్టాక నాకు అన్నం సయించలేదు.

ఒక మధ్యాహ్నం ఇంటికప్పుకు రేకులు బిగిస్తూ పడిపోయిన మనిషిని తెచ్చారు. జోకులేస్తున్నాడు. పాదాలు వెచ్చగా ఉన్నాయి.

"ఏం లేదు, కాసేపు చూద్దాం," అన్నాను.

"పల్సు నూట పద్దెనిమిది, బీపీ నూట రెండు అక్కా. ఒకటి దాటింది," అని అది ఫోన్ చేసేసి, అతన్ని స్కానింగుకు తోసుకెళ్ళింది.

అందరి ముందూ నా మాట తీసిపారేసినట్టయింది. కళ్ళలో నిప్పులు పోసుకుని నేనూ ఫోన్ తీశాను. "ఆ రక్తం వద్దు. పొరపాటున అడిగారు," అన్నాను.

పావుగంటలో అతను పాలిపోయాడు. మాట ఆగింది. ఎండకు కాలిన రేకుల మీద పొద్దుటి నుంచీ వట్టికాళ్ళతో నిలబడ్డాడు గనకే పాదాలు వెచ్చగా ఉన్నాయని అప్పుడు వెలిగింది నాకు. రక్తం ఆపించింది నేనే.

అంతలో బ్లడ్ బ్యాంకు ఆయన ఆరు యూనిట్లున్న పెట్టెతో పరుగున వచ్చాడు. మనిషి బతికాడు.

సాయంత్రం ఆయన్ని పక్కకు పిలిచాను. "నేను వద్దన్నాను కదండీ?"

"తను అడిగాక మీరు ఫోన్ చేసి వద్దన్నా ఆపొద్దని ఆ అమ్మాయి ముందే చెప్పిందండీ. చేరిన నెలలోనే చెప్పింది."

సిగ్గుపడ్డానంటే అబద్ధం. ముందు ఒళ్ళు మండింది. నా కడుపుమంటను కూడా అది ఎప్పుడో లెక్కేసి పెట్టుకుంది. పెట్టుకుని, ఇన్నాళ్ళూ ఒక్కరికీ చెప్పకుండా, నన్ను అక్కా అనే పిలిచింది.