పాటు రాని వాగు

కొండకు పోదామన్నది నేనే. అప్పుడు నాకు పదిహేనేళ్ళు, పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. చేపల వేట నిషేధం రోజులు కావడంతో తోటపల్లి గూడూరు దగ్గర మా తీరంలో పడవలన్నీ ఇసక మీద పడి ఉన్నాయి. పనిలేని మా నాయన ఇంట్లో అందరికీ వంకలు పెడుతూ తిరిగేవాడు. పులుసులో ఉప్పు దగ్గర్నుంచి నా జడ దాకా ఆయనకు ఏదీ నచ్చేది కాదు. ఒక్క రోజు ఈయన్ని ఎటైనా తీసుకుపోతే ఇల్లు కాస్త చల్లబడుతుందని పెంచలకోన పేరెత్తాను. దర్శనమంటే అమ్మ కాదనదు. నాకు కావలసింది మాత్రం గుడి దాటి పైకి పోతే ఉంటుందని విన్న జలపాతం.

అమ్మ, నాయన, ఎనిమిదేళ్ళ మా చెల్లెలు, నేను. తెల్లవారి బస్సెక్కి నెల్లూరు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. కొండను అంత దగ్గరగా చూడటం మా నలుగురికీ అదే మొదలు. చెల్లెలైతే కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఇది మన మీద పడదు కదా అని రెండుసార్లు అడిగింది. నేను నవ్వాను.

దర్శనం అయ్యాక జలపాతం కోసం వాగు పట్టుకుని పైకి నడిచాం. నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు, అడుగున రాళ్ళు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. అవతలి ఒడ్డున నీడ బాగుందని దాటిపోయి, పులిహోర పొట్లాలు విప్పి కూర్చున్నాం. అప్పుడే ఎదుటి గట్టు మీద మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన దిగి వస్తున్నాడు. ఆగి, పైన కొండల్లో మబ్బు కమ్మింది, ఇవతలికి వచ్చేయండని కేకేశాడు. మా నెత్తిన చూస్తే ఎండ మాడ్చేస్తోంది.

"చేపపిల్లకు ఈత నేర్పతా ఉండావా పెద్దాయనా" అన్నాడు మా నాయన నవ్వుతూ.

ముసలాయన మేకల వెంట పోయాడు. ఆ క్షణాన నాయనను చూసి నాకు గర్వంగా అనిపించింది. దాచడమెందుకు, నేనూ నవ్వాను.

మేం చేతులు కడుక్కునేసరికి నీళ్ళ రంగు మారింది. ఎర్రగా, ఆకులూ పుల్లలూ మోసుకుంటూ వస్తోంది వాగు. ఒక్క చినుకు లేదు. మేం దాటి వచ్చిన రాళ్ళు చూస్తుండగానే మునిగాయి. పైనుంచి లారీ వస్తున్నట్టు ఒక మోత మొదలైంది. అది ఆగడం లేదు.

నాయన తొణకలేదు. ఒక కట్టె విరిచి నీటి అంచున గుచ్చాడు. మా ఊరి దగ్గర ఏరు సముద్రంలో కలిసే మొగలో ఆయన చేసే పని అదే. నీళ్ళు ఎక్కే పోటులో పడవను తొందరపెట్టడు. కట్టె గుచ్చి, బీడీ వెలిగించి, నీళ్ళు దిగే పాటు కోసం కూర్చుంటాడు. ఇరవై ఏళ్ళలో ఆ లెక్క ఆయనకు తప్పలేదు.

"పోటు ఇది. పాటు రాకుండా యాడికి పోతాది? కూర్చోండి" అన్నాడు.

కూర్చున్నాం. కట్టె మునిగింది. ఇంకొంచెం పైన ఇంకో కట్టె గుచ్చాడు. అదీ మునిగింది. మూడోది గుచ్చడానికి వంగినవాడు గుచ్చకుండానే లేచాడు. చేతిలోని కట్టెను నీళ్ళలోకి వదిలేశాడు. తుపాను రోజు కూడా పడవ తాడు వదలని మనిషి. నాకు వాగంటే ఉన్న భయం ఒకెత్తు, ఆయన కట్టె వదిలెయ్యడం చూసి పుట్టిన భయం ఒకెత్తు.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. వెనక నిలువుగా కొండ, ముందు నీళ్ళు, మధ్యలో మేం నిలబడ్డ చోటు చాపంత మిగిలింది. నాయన చెల్లెల్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు.

"ముందు దీన్ని దాటించి వస్తా. మళ్ళీ మిమ్మల్ని" అన్నాడు.

నీళ్ళ విషయంలో నాయనకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఆయన దిగాడు. రెండు అడుగులు, తొడల దాకా నీళ్ళు. మూడో అడుగుకు కాలి కింద రాయి దొర్లింది. ఆయనకు తెలిసిన నీటి అడుగు ఇసక, రాయి కాదు. ఒక పక్కకు ఒరిగిపోయాడు. చెల్లెలి కాళ్ళను నీళ్ళు లాగుతున్నాయి. అది అరవను కూడా అరవలేదు, ఆయన జుట్టు పట్టుకుని నావైపు చూసింది. నేను నడుము లోతుకు ఎలా దూకానో తెలియదు. ఆయన చొక్కా నా పిడికిట్లో ఉంది, నా చెయ్యి అమ్మ చేతిలో ఉంది.

"వద్దు నాయనా. ఇది మన సముద్రం కాదు. దీని సంగతి నీకు తెలీదు" అని అరిచాను.

కొడతాడేమో అనుకున్నాను. ఆయన వెనక్కి వచ్చేశాడు. చెల్లెల్ని ముందు పెట్టి, వేళ్ళూ చెట్ల మొదళ్ళూ పట్టుకుని ఆ నిలువు కొండనే పాకాం. నా గోళ్ళు రెండు లేచిపోయాయి. ఇంటెత్తున ఒక బండ దొరికితే దాని మీద ఒకరినొకరు పట్టుకుని ఉండిపోయాం. అమ్మ స్వామి పేరు తప్ప ఇంకేదీ పలకలేదు. నేను చెల్లెలి పాదాలను తుడుస్తూనే ఉన్నాను, అవి ఎప్పుడో ఆరిపోయినా.

పొద్దు వాలే వేళకు వాగు మోత తగ్గింది. మెల్లగా కిందికి దిగాం. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, మోకాలి దాకా వస్తాయేమో అనిపిస్తోంది. నాయన అంచున నిలబడి చాలాసేపు చూశాడు. కట్టె వెతకలేదు. నావైపు తిరిగాడు.

"దాటొచ్చా పాపా?" అని అడిగాడు.

నన్ను ఆటపట్టించడానికి అడిగింది కాదు. ఆయనకు నిజంగానే తెలియదు. నాకూ తెలియదు, చీకటి మాత్రం ముంచుకొస్తోంది. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని, దాటొచ్చు నాయనా అన్నాను. ఆయన నా మాట నమ్మి వాగులోకి దిగాడు.