మామ ఫొటోల్లో మసక

మా మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను త్రిపురాంతకంలో ఒక ఓణీల ఫంక్షన్ తీస్తున్నాను. ఫోన్ చేసింది అత్త. "మీ మామ పోయినాడు నాయనా, తెల్లారేసరికే" అంది. "ఏ మామ?" అన్నాను. సిగ్గులేని ప్రశ్న. మా వైపు కాస్త తల నెరిసిన ప్రతి మగాడూ మామే, నిజమే. కానీ ఆ గొంతు విన్నాక కూడా అడగాలా? ఈలోగా స్టేజీ మీద నుంచి "అన్నా, మాది ఒక్కటి" అని ఎవరో పిలిస్తే వెళ్లి తీశాను కూడా. తర్వాత చూసుకుంటే ఆ ఫొటోలో అందరి తలలూ తెగిపోయి ఉన్నాయి.

ఆయన నాకు చుట్టం కాదు. కెమెరా పట్టడం నేర్పినవాడు. మార్కాపురంలో రాతిపలకలు కోసే షెడ్లవైపు వెళ్లే దారిలో చాలా ఏళ్లు స్టూడియో నడిపాడు. మా వాడలో ఎవరి పాస్‌పోర్టు ఫొటో చూసినా ఆయన తీసిందే ఉండేది. మనిషి గడ్డం పట్టుకుని తిప్పడం ఆయనకు గిట్టదు. "నీ ఎడం చెవి నాకు అగపడాల" అనేవాడు, అంతే, ఎవరైనా తమంతట తామే సర్దుకునేవారు. నవ్వమని ఎవరినీ అడిగింది లేదు. "నవ్వేది వాళ్లిష్టం, మధ్యలో మనదేంది?" అనేవాడు. టీ గ్లాసులో ఇస్తే సాసర్ ఏదని ఇల్లంతా వెతికేవాడు. ఆయన దగ్గర నాలుగేళ్లు పనిచేసి, తర్వాత సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకోవడం మొదలుపెట్టాను. మోకాళ్లు మొరాయించి ఆయన స్టూడియో మూసేశాక పండక్కో పబ్బానికో కనబడేవాణ్ణి. అంతకు మించి వెళ్లలేదు. ఈ సంగతి ముందే ఒప్పుకోవాలి.

మొన్న ఎండాకాలంలో నా కెమెరాకు ఏదో పట్టింది. ముఖాల మీద పల్చటి పాలు పోసినట్టు తెల్లదనం. పెళ్లికొడుకు నల్లకోటు బూడిదరంగులో వచ్చేది. మనిషి వెనక కిటికీ ఉందంటే ఇక చెప్పక్కర్లేదు, ముక్కూ మూతీ కలిసిపోయేవి. రాచర్లలో ఒక పెళ్లికూతురి తండ్రి ఆల్బమ్ తిరగేసి, "ఏంది నాయనా, నడి మే నెలలో పొగమంచు యాడ దొరికింది నీకు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది గానీ, ఏమనగలను? ఫొటో ఎదురుగానే ఉంది.

ఇంటికొచ్చి మార్చగలిగినవన్నీ మార్చేశాను. కొత్త మెమరీ కార్డు వేశాను. సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాను. లెన్సు ముందుండే ఫిల్టర్ పీకేశాను, సెన్సర్ శుభ్రం చేయించాను. ఒకరోజు బాగైనట్టే ఉండేది, మర్నాడు మళ్లీ అదే మసక. ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో నాకే అంతుబట్టలేదు. అప్పుడు గుర్తొచ్చాడు మామ.

ఒక ఆదివారం వెళ్లాను. వసారాలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నా గోడు మొత్తం విని, "ఎన్ని మార్చినావు?" అన్నాడు.

"అన్నీ."

"అన్నీ ఒక్కసారే మారిస్తే నీకేం తెలుస్తాదిరా అల్లుడా? ఒకసారికి ఒకటే మార్చాల. అప్పుడు జబ్బు యాడుందో అదే చెప్తాది."

లెన్సు విప్పించాడు. నా ఫోన్ టార్చి వెలిగించి లెన్సు వెనక పెట్టి, ముందు నుంచి ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "ఊఁ" అన్నాడు. ఏముంది మామా అంటే, "ఏముంటాది. ఆదివారం ఆదివారం రా, కనుక్కుందాం" అని లెన్సు నా చేతిలో పెట్టాడు.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం పది గంటలకు, అదే వసారా, అదే స్టూలు, అదే తెల్లచొక్కా. ఎదురుగా కూర్చునేది ఆయనే. "గోడను తీస్తే గోడేం చెప్తాది? మనిషి వెంట్రుక చెప్తాది" అనేవాడు. చేతిలో పలక. దాని మీద సుద్దముక్కతో ఆ వారం నంబరు, కింద ఆ వారం మార్చిన వస్తువు. "3, కార్డు." "4, ఫిల్టర్." లెన్సు సంగతి చివర్న చూద్దామనేవాడు. పోలీసు స్టేషన్లో నిలబెట్టిన దొంగలాగా ఆ పలక ఛాతీకి ఆనించి కూర్చునేవాడు. నేను ఫొటో తీసి, ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఆయన కనుబొమ దగ్గరకు పెంచి పెంచి చూసేవాణ్ణి. వెంట్రుక విడివిడిగా ఉందా, కలిసిపోయిందా? కలిసిపోయేది. ఇంకో వారం.

పని అరగంటలో అయిపోయేది. కానీ అత్త బొరుగులు తాలింపేసి ఉగ్గాణి పెట్టేది, ఆయన ఏదో ఒక సంగతి ఎత్తుకునేవాడు. గిద్దలూరు నుంచి ఫొటో కోసం వచ్చి, తీసేలోపు కొట్లాడుకుని చెరో ఫొటో దిగి వెళ్లిన మొగుడూ పెళ్లాలు. కళ్లు మూయకుండా ఒక్క ఫొటో కూడా దిగలేకపోయిన పంతులు. పన్నెండయ్యేదాకా నన్ను కదలనిచ్చేవాడు కాదు. ఆ నెలల్లో పెళ్లిళ్లన్నిటికీ తన పాత కెమెరానే ఇచ్చాడు. "జబ్బున్నదాన్ని శుభకార్యానికి ఎట్ల తీసకపోతావురా? నాది తీసకపో" అనేవాడు.

ఎనిమిదో వారానికి నా ఓపిక అయిపోయింది. "సర్వీసుకు పంపించేస్తా మామా, ఈ గోల ఎందుకు?" అన్నాను.

"పంపితే పంపు, నీ ఇష్టం" అని పలక తుడుచుకున్నాడు. తుడుస్తూనే, "ఇంకొక్క వారం చూడగూడదా?" అన్నాడు. ఆ గొంతులో ఏదో ఉంది. ఏమిటో నాకు అర్థం కాలేదు. సరేలే అని ఉండిపోయాను.

పన్నెండో ఆదివారం నేను ఇంకా బ్యాగు దించకముందే, "టార్చి పెట్టి లెన్సు లోపల చూడు" అన్నాడు. చూశాను. లోపలి గాజు మీద బూడిదరంగు పొర. పల్చగా, వేలితో తుడిస్తే పోయేలా ఉంది, కానీ వేలు పోయే చోటు కాదు.

"ఎక్కడిది మామా ఇది?"

"ఎండలు ముదరకముందు నెలరోజులు పలకల షెడ్డులో ఫొటోలు తీసినావు గదా. లెన్సులు ఆడనే విప్పి మార్చినావా లేదా?"

మార్చాను. పలకలు బయటి దేశాలకు పంపేవాళ్లు కేటలాగు అడిగితే, రాయి కోసే మిషన్ల పక్కనే కూర్చుని మార్చాను. ఈ ఊళ్లో పుట్టినవాడికి పలకపొడి దుమ్ము లెక్కలోకి రాదు. చొక్కా మీదా, మంచం మీదా, కంచం అంచునా ఎప్పుడూ ఉండేదే. దుమ్మంటే రోడ్డు మీద లారీ లేపేది అనుకుంటాం.

పదమూడో ఆదివారం వేరే లెన్సు పెట్టి తీశాను. కనుబొమలో ప్రతి వెంట్రుకా విడివిడిగా వచ్చింది. "పోయింది మామా!" అని అరిచాను. అరిచి, తెర మీద కనుబొమ నుంచి కొంచెం కిందికి జరిపాను. కంటి తెలుపు పచ్చగా ఉంది. ఇంకా కిందికి జరిపాను. కాలరు లోపల మెడ సన్నబడి ఇంతే ఉంది. మొదటి వారం ఫొటో పక్కన పెట్టి చూస్తే ఇద్దరూ ఒక మనిషి కాదు. పన్నెండు వారాలు ఆయన కనుబొమను పెంచి పెంచి చూసినవాణ్ణి, ముఖం మాత్రం చూడలేదు.

"ఏంది మామా, ఇట్లయినావు?"

"కెమెరా బాగైంది గదా, ఇంక అన్నీ అగపడతాయి. ఉగ్గాణి తిను" అన్నాడు.

తర్వాతి ఆదివారం నాకు దొనకొండలో పెళ్లి. ఆ పైవారం ఇంట్లోనే ఉన్నాను, వెళ్లలేదు. కెమెరా బాగైపోయింది, అంతే. ఆ తర్వాత రెండు రోజులకే త్రిపురాంతకంలో ఫోన్ వచ్చింది.

దహనం అయ్యాక అత్త, "పెద్దకర్మకు ఒక పెద్ద పొటో చేయించు నాయనా" అంది. ఇల్లంతా వెతికినా ఆయనది మంచి ఫొటో లేదు. ఊరందరినీ తీసినవాణ్ణి ఎవరూ తీయలేదు. ఉన్నవల్లా నా పదమూడు. ల్యాప్‌టాప్ తెచ్చి, ముందు స్పష్టంగా వచ్చినదే చూపించాను. పలకను కత్తిరించేస్తానని చెప్పాను. అత్త తెరకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది వద్దు. ఇందులో జబ్బు అగపడతాండాది." మూడోదాని మీద వేలు పెట్టింది. "ఇది బాగుండాది."

"అది మసక అత్తా."

"ఉండనీ." నా వైపు చూడకుండా అంది. "నీ కెమెరాకేమైందో ఆయనకు మొదటి వారమే తెలుసు. నువ్వట్ల పోంగానే నాతో చెప్పినాడు, లోపలి గాజుకు పలకపొడి పట్టిందని. మరి ఆ పిల్లోనికి చెప్పొచ్చు గదా అంటే, చెప్తే బాగుచేసుకుంటాడు, మళ్ళ యాడొస్తాడు అన్నాడు."

"తన జబ్బు సంగతి కూడా అప్పటికే తెలుసా?"

"తెలుసు."

నాకు కోపం వచ్చింది. దాని వెంటే ఏడుపు వచ్చింది. ఇన్ని వారాలు నన్ను తిప్పుకున్నాడే అనుకున్నాను. తిప్పుకోకపోతే వచ్చేవాణ్ణా అని కూడా అనుకున్నాను. మూడు నెలలు ఆయన పక్కన కూర్చున్నది నేనేనా, నా కెమెరానా? ఇప్పటికీ నాకు తేలడం లేదు. ఒక్కటి మాత్రం ఆయన సరిగ్గా లెక్కకట్టాడు. బాగైన మరుసటి వారం నుంచి నేను రాలేదు.

మూడో ఫొటోనే పెద్దది చేయించాను. పెద్దకర్మ రోజు గిద్దలూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మామకు వరసకు అన్న, దండ వేయబోయి ఆగాడు. "దుమ్ము పట్టింది" అని భుజం మీది కండువా తీసి గాజు తుడిచాడు. వెనక్కి జరిగి చూశాడు. మళ్లీ దగ్గరకు వచ్చి, కళ్లున్న చోట కొంచెం గట్టిగా తుడిచాడు. "ఎవురు తీసినారు దీన్ని?" అన్నాడు.

"నేనే" అన్నాను. మసక గాజు మీద కాదు, ఫొటోలోనే ఉందని చెప్పలేదు. ఆయన కండువా మడత మార్చి, ఓపిగ్గా మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.