పెద్ద బండి వెనక చిన్న బండి

మా బిడ్డ చెప్పిందే నిజమని చిప్పు తయారు చేసిన కంపెనీ ఒప్పుకుంది. నిన్న పొద్దున ఈ మాట విన్నప్పటి నుంచి నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. కానీ అందరికంటే ముందు ఈ కబురు వినవలసిన సారు మొన్ననే పోయారు. సంతోషం, ఏడుపు ఒక్కసారే వచ్చి మీద పడితే ఏం చేయాలో తెలియక ఇది రాస్తున్నాను.

నిజామాబాద్‌లో పాలిటెక్నిక్ చదివేటప్పుడు మా బిడ్డకు పాఠం చెప్పిన సారు ఆయన. రిటైరై కంఠేశ్వర్‌లో ఉండేవారు. నేను బోధన్ దిక్కు ఒక చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలినవాణ్ణి, చదువు అంతంత మాత్రమే. అయినా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో ఇన్ని పల్లీలు పోసి, నా ముచ్చట్లే అడిగేవారు.

ఒకసారి నా బండి సంగతి చెప్పాను. గేటు దగ్గర పెద్ద ట్రాక్టరు ట్రాలీ వెనకనే ఆనుకొని నా ఎడ్లబండి పోయింది. టోకెన్లు ఇచ్చే అతనికి నేను కనపడలేదు. టోకెను లేదని లోపల కాంటా ఎక్కనివ్వలేదు. చెరుకు ఎండలో ఎండిపోయింది.

"నేను వచ్చినట్టూ ఎవ్వలకు తెల్వది సారూ, రానట్టూ తెల్వది" అన్నాను.

సారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "గిది నేను క్లాసుల చెప్త అన్నా. నీకు ఫీజు మాత్రం ఇయ్య."

నిజంగానే ఏటేటా చెప్పారట.

బిడ్డ ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో, కాలువ గేట్లు నడిపే పెట్టెలకు ప్రోగ్రాము రాస్తుంది. పెట్టెలో ఉండే చిప్పులోనే ఒక స్విచ్చు ఉంటుందట. ఒక తీగ మీద వచ్చిన కబురును వేరే తీగకు దాటించడం దాని పని. కబుర్లు ప్యాకెట్లుగా పోతాయి. అప్పుడప్పుడు ఒక ప్యాకెట్ మాయమయ్యేది, మాయమైనట్టు లెక్కలోకి కూడా వచ్చేది కాదు. తప్పు నీ ప్రోగ్రాముదే అని పైవాళ్లు ఆమెను ఆ పని నుంచి తీసేశారు. ఇక ఉద్యోగమే పోయేటట్టు అయింది.

బిడ్డను సారు దగ్గరికి తీసుకుపోయాను. అప్పటికే మంచం పట్టి ఉన్నారు.

"చిప్పుదే తప్పంటే నవ్వుతున్నరు సార్."

"ముందుగాల నీ తప్పు దేవులాడు బిడ్డా."

"దేవులాడిన సార్. లేదు."

"అయితే మీ బాపు బండి తోలు."

బిడ్డకు అర్థమైంది. పెట్టె ఒకటి తెచ్చి ఆయన కిటికీలోనే పెట్టింది. పెద్ద ప్యాకెట్ వెనక ఆనించి చిన్నది పంపితే మాయం. కొంచెం ఎడం ఇచ్చి పంపితే చేరింది. పెట్టె మీద పచ్చలైటు కొట్టుకున్నప్పుడల్లా ఒక పెద్దది, దాని వెనకనే ఒక చిన్నది పోయినట్టు. అదంతా చిప్పు కంపెనీకి రాసింది. "పెట్టె ఆపకు, నడువనియ్" అన్నారు సారు.

నెలలు గడిచినా జవాబు లేదు. నేను పోయినప్పుడల్లా ఒకటే మాట.

"ఒప్పుకున్నరా అన్నా?"

"లేదు సారూ."

"నేను ఉండంగ ఒప్పుకోరు తియ్."

ఆఖరుసారి పోయినప్పుడు అడగలేదు, నా మొహం చూసి కళ్లు మూసుకున్నారు.

ఇప్పుడు ఒప్పుకున్నారు, చిప్పుకున్న లోపాల పట్టికలో ఎక్కించారు. దాని కిందనే, దీన్ని సరిచేసే ఆలోచన లేదు, ఎడం ఇచ్చి పంపుకోండి అని రాశారట. తయారైన చిప్పులు ఎప్పటికీ అట్లనే ఉంటాయి. బిడ్డను తిరిగి ఆ పనిలో పెట్టారు. ఫోనులో ఆ మాట చెప్పింది. తర్వాత, "సార్‌కు ఎట్ల చెప్పాలె బాపూ" అంది.

పెట్టె తెచ్చేద్దామని నిన్న సాయంత్రమే కంఠేశ్వర్ పోయాను. సారు భార్య తీయనివ్వలేదు. "ఆపొద్దన్నడు గదా అన్నా. నాకు ఆప రాదు గూడ."

బాల్కొండలో అక్కకు చెప్పాలి. బోధన్‌లో తమ్మునికి, నిజాంసాగర్ కాలువ మీద పని చేసే మేనల్లునికి, చెవులు వినపడని మేనత్తకు దగ్గరికి పోయి గట్టిగా చెప్పాలి. అందరికీ ముందు బిడ్డ సంగతి, తర్వాత సారు సంగతి. సారుకైతే నిన్ననే ఆ కిటికీ ముందు నిలబడి చెప్పి వచ్చాను. పచ్చలైటు కొట్టుకుంటూనే ఉంది. పెద్దదాని వెనక పోయే చిన్నది మాయమవుతూనే ఉంది.