నా కోసం చెమటోడ్చినవాళ్లు

నా మొహం ఎవరికీ తెలియదు. చాలా ఏళ్లుగా ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో హీరోయిన్లకు గొంతు ఇస్తున్నాను. సినిమా హాల్లో నా ఏడుపు విని కళ్లు తుడుచుకుంటూ, పక్క సీట్లో ఉన్న నన్ను "కాస్త కాళ్లు తీయండి, వెళ్లాలి" అన్నవాళ్లున్నారు. నాకు అది బాధగా ఉండేది కాదు, హాయిగా ఉండేది. అలాంటిది నా మొహం కూడా ఫిల్మ్ నగర్ అంతా తెలిసిపోయింది. గుండుతో, ఉబ్బిన చెంపలతో, ఒక పోస్టరు మీద.

రొమ్ములో గడ్డ కనిపించింది. పరీక్షలయ్యాక క్యాన్సరన్నారు. ఆపరేషను, కీమో, ఆ తర్వాత రేడియేషను అని డాక్టరు వరసగా చెబుతుంటే మా ఆయన బుద్ధిగా తల ఊపుతూ విన్నారు. ఆయన ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. మధురానగర్‌లో అద్దె ఇంట్లో ఉంటాం. మా పనిలో గొంతు లేచిన రోజే సంపాదన. దాచుకున్నది ఆపరేషనుకే అయిపోయింది. తర్వాత నా గాజులు వెళ్లాయి. ఆ పైన ఏం చేస్తామన్నది మేమిద్దరం ఒకరినొకరం అడగడం మానేశాం.

అప్పుడు వచ్చింది నా స్నేహితురాలు. ఒకప్పుడు పాటల్లో వెనక వరసలో డాన్స్ చేసేది. మోకాలు దెబ్బతిన్నాక, ఫిల్మ్ నగర్‌లో ఒక డాన్స్ హాలు కిరాయికి తీసుకుని పొద్దున్నే ఎక్సర్‌సైజు క్లాసు పెట్టుకుంది. నేను నడుం నొప్పి కోసం చేరాను. నాకంటే చిన్నది, పుట్టి పెరిగిందంతా ఇక్కడే. నన్ను అక్కా అంటుంది. నేను చెప్పే హీరోయిన్ల మాటల్ని నా ఎదుటే వెక్కిరిస్తుంది. ఆ చనువే మమ్మల్ని దగ్గర చేసింది.

"అక్కా, నేనొకటి అనుకున్న. నువ్వు కాదనొద్దు," అంది మంచం అంచున కూర్చుని.

ఆదివారం పొద్దున అందరినీ పోగేస్తుందట. వచ్చినవాళ్లు ఎంట్రీ ఫీజు కట్టాలి. కట్టి ఊరికే కూర్చోకూడదు, సూర్య నమస్కారాలు చేయాలి. ఒక్కో నమస్కారానికి ఇంత ఇస్తామని తమ స్నేహితుల చేత, చుట్టాల చేత ఒప్పించుకుని రావాలి. వచ్చినదంతా నా వైద్యానికి.

"వద్దే," అన్నాను. "అడుక్కున్నట్టు ఉంటుంది."

"ఏందక్కా గట్లంటవ్? నువ్వడుగుతున్నవా? నేనడుగుతున్న. సిగ్గయితే నాకు గావాలె."

"నాకు మెట్లెక్కడం చేతకావట్లేదు. నా పేరు చెప్పి జనం గంతులేస్తారా?"

"ఏస్తరు. ఎందుకెయ్యరు?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మస్తు ఫికరైతుందక్కా. ఇంకేం జెయ్యాల్నో నాకు తెలుస్తలేదు," అంది.

మా ఆయన గుమ్మంలో నిలబడి వింటున్నారు. ఆయన వైపు చూశాను, వద్దంటారేమోనని. ఆయన కిందికి చూస్తూ ఉండిపోయారు. ఆయనకది కావాలని నాకు అర్థమైంది. ఆ మాట పైకి అనలేక అలా నిలబడ్డ మనిషిని చూసి, సరే అన్నాను.

ఫోటో అడిగింది. తమ్ముడి పెళ్లిలో పట్టుచీరతో తీయించుకున్నది ఇచ్చాను. ఫోనులో దాన్ని చాలాసేపు చూసింది.

"గీ ఫోటోల నువ్వు మంచిగున్నవక్కా," అంది నెమ్మదిగా. "మంచిగున్నోళ్లకు ఎవరిస్తరు?"

కీమోకు జుట్టు రాలిన తలకు కట్టుకున్న స్కార్ఫు నేనే తీశాను. కిటికీ పక్కకు తిరగమంది, తిరిగాను. నవ్వాలా అని అడిగాను. వద్దంది.

మర్నాటికల్లా ఆ ఫోటోతో చేసిన పోస్టరు అందరి ఫోన్లలోకి చేరింది. డబ్బింగ్ వాళ్ల గ్రూపులో, స్కూలు మాస్టార్ల గ్రూపులో, చర్చి గ్రూపులో. కింది వాటా ఆవిడ మెట్ల దగ్గర ఆపి చేతులు పట్టుకుని ఏడ్చింది. అంతకుముందు నీళ్ల మోటారు గొడవతో మాకు మాటలు లేవు. కూరగాయలమ్మే అతను కొసరుగా గుప్పెడు కొత్తిమీర వేసి నా కళ్లలోకి చూడలేదు. నాకు పనిచ్చే మేనేజరు ఒకాయన ఫోన్ చేసి, "ముందే చెప్పొచ్చుగా అమ్మా, మీరు రెస్టు తీసుకోండి," అన్నాడు. ఆ వారం నేను చెప్పాల్సిన పాత్ర ఇంకొకరికి వెళ్లిందని తర్వాత తెలిసింది. నా మీద జాలితోనే. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అందరూ మంచివాళ్లే అయినప్పుడు మన సిగ్గును ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆదివారం వెళ్లనని మొండికేశాను. "వాళ్లంతా నీ కోసం వస్తారు. నువ్వు ఇంట్లో పడుకుంటే బాగుండదు," అన్నారు మా ఆయన. ఆటో మాట్లాడారు.

డాన్స్ హాలు ముందు ఖాళీ స్థలంలో షామియానా వేశారు. నేను ఎవరో పదిమంది ఉంటారనుకున్నాను. స్థలం నిండిపోయి రోడ్డు మీదికి కూడా చాపలు పరిచారు. ఎడిటింగ్ రూముల కుర్రాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ చేసే ఆడవాళ్లు, జూబ్లీ హిల్స్ నుంచి కార్లలో వచ్చిన ఇల్లాళ్లు, మా ఆయన స్కూలు టీచర్లు. షామియానా వెనక ఫ్లెక్సీ మీద నా మొహం, తలుపంత పెద్దది. అందరూ దాని వైపు తిరిగి వంగుతున్నారు, లేస్తున్నారు. నా స్నేహితురాలు మైకు పట్టుకుని "జల్ది, జల్ది! అక్క కోసం ఇంకొక్కటి!" అని అరుస్తోంది.

భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. ఆటోలోంచి దిగకుండా లోపలే కూర్చున్నాను.

ముందు వరసలో క్లాసులో అందరం ఆంటీ అని పిలిచే ఆవిడ కనిపించింది. జూబ్లీ హిల్స్‌లో పెద్ద ఇల్లు, భర్త పోయాడు, డాక్టరు చెప్పాడని క్లాసుకొచ్చేది. మామూలు రోజుల్లో రెండు సార్లు చేతులు ఊపి కుర్చీలో కూర్చుని మాకు కబుర్లు చెప్పేది. ఆ రోజు ఆవిడ కుర్చీ పట్టుకుని వంగుతోంది. నేల అందడం లేదు. మోకాలి దాకా వంగి, కుర్చీని పట్టుకుని, ఆయాసపడుతూ లేస్తోంది. జాకెట్టు వీపంతా తడిసిపోయింది. పక్కన డ్రైవరు నీళ్ల సీసా పట్టుకుని ఆందోళనగా నిలబడ్డాడు.

"ఆంటీ, చాలు, జర కూసోండ్రి," అని నా స్నేహితురాలు మైకులోనే బతిమాలింది.

"నువ్వూకో. అమెరికాల ఉన్న నా మేనకోడలు ఒక్కోదానికి ఇస్తనన్నది. నేనెందుకు ఇడిచిపెడ్త?" అని ఆవిడ మళ్లీ వంగింది.

అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేను ఆటోలో ముందుకు వంగి మొహం దాచుకున్నాను.

చివర్లో నన్ను ఆటోలోంచి దింపి, ఫ్లెక్సీ ముందుకు తీసుకెళ్లి మైకు చేతికిచ్చారు. మైకు నాకు కొత్త కాదు. కానీ ఎదుట రాసిన మాటలు లేవు, తెరమీద కదిలే పెదాలు లేవు. నోరు తెరిచాను. "మీరంతా... నా కోసం..." అన్నాను.

అది విన్న క్షణంలోనే నాకు తెలిసిపోయింది. ఊపిరి ముందే లాగి పట్టుకోవడం, మాట మధ్యలో ఆపడం, చివరి అక్షరం విరగ్గొట్టడం. ఇన్నేళ్లు కన్నీళ్లు లేకుండా ఏడవడానికి నేను నేర్చుకున్న పద్ధతి అది. క్లైమాక్సులో హీరోయిన్ మాట్లాడినట్టు మాట్లాడుతున్నాను. ఆపుదామనుకున్నాను, ఆగలేదు. గొంతు దాని పని అది చేసుకుపోయింది. ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆంటీ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చెప్పింది అబద్ధం కాదు. వాళ్ల మీద నాకున్న కృతజ్ఞత నిజం. అయినా అది నా నోట్లోంచి ఇంకొకరి ఏడుపులా వచ్చింది. చెమటోడ్చిన మనుషులకు నేను తిరిగి ఇచ్చింది అదా అని సిగ్గుతో చచ్చిపోయాను.

ఆటోలో మా ఆయన, "బాగా మాట్లాడావు," అన్నారు.

సాయంత్రం స్నేహితురాలు వచ్చింది. అరిచి అరిచి దాని గొంతు పోయింది. తన మోకాలు ఒత్తుకుంటూ కూర్చుని, "అక్కా, పొద్దున మాట్లాడింది నువ్వు కాదు గదా?" అంది.

"ఎలా తెలిసింది?"

"గంత మంచిగ నువ్వు ఎన్నడు మాట్లాడవు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నేను ఏడ్చాను. అది మాత్రం వినడానికేమీ బాగాలేదు, ముక్కు కారింది.

వైద్యం ఆగకుండా సాగింది. మిగతా కీమోలు, రేడియేషను అన్నీ అయ్యాయి. స్కానులో ఏమీ లేదని డాక్టరు చెప్పిన రోజు మా ఆయన ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశారు. చుట్టూ జనం ఉన్నా ఆయన పట్టించుకోలేదు.

బాగయ్యాక సిగ్గు పోతుందనుకున్నాను. ఎక్కువైంది. జబ్బుతో ఉన్నప్పుడు పోస్టరు మీద మనిషిలాగే ఉండేదాన్ని కాబట్టి లెక్క సరిపోయేది. ఇప్పుడు జుట్టొచ్చింది, చెంపలు తగ్గాయి. క్రిస్మస్‌కి కొత్త చీర కొనుక్కుని, చర్చికి పాత చీరే కట్టుకెళ్లాను. సినిమాకు పోదామంటే వద్దన్నాను. ఏది కొన్నా, ఏది తిన్నా, ఎవరో వెనక నుంచి చూసి "దీనికోసమా మనం ఇచ్చింది" అనుకుంటారనిపించేది. క్లాసుకు వెళ్లడం మానేశాను. స్నేహితురాలు అడిగితే నీరసమనేదాన్ని.

ఒక శనివారం మా ఆయన పట్టుబట్టి టోలిచౌకికి బిర్యానీ తినడానికి తీసుకెళ్లారు. చాలా నెలల తర్వాత నాలుకకు రుచి తెలిసింది. ఇంకో ప్లేటు కబాబులు కూడా చెప్పాం. అవి వచ్చి బల్ల నిండుగా ఉన్నప్పుడు ఆంటీ లోపలికొచ్చింది, పక్కన ఎవరో చుట్టాలమ్మాయితో. నన్ను చూసి ఆవిడ మొహం వెలిగింది, చెయ్యెత్తింది. నేను మొహం గోడ వైపు తిప్పుకున్నాను. చున్నీ తల మీదికి లాక్కున్నాను. ఆలోచించి చేసింది కాదు. మళ్లీ తిరిగి చూసేసరికి ఆవిడ లేదు. ఆ హోటల్లో కూర్చోకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు స్నేహితురాలు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు ఆంటీని చూసి మొహం తిప్పుకున్నవంట? ఆమె నాతోని ఏమన్నదో ఎరుకనా? 'నావల్ల ఏం తప్పయిందమ్మా' అన్నది."

నేను ఆ సాయంత్రమే జూబ్లీ హిల్స్‌కు వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలని అడిగితే నన్ను నేను ఎలా చెప్పుకోవాలో తోచక, "క్లాసు నుంచి వచ్చానని చెప్పండి," అన్నాను. ఆంటీ వరండాలో కాళ్లు చాపుకుని బఠాణీలు ఒలుస్తోంది. రా అనలేదు, పొమ్మనలేదు. ఎదుటి కుర్చీ చూపించింది.

"తప్పయింది ఆంటీ," అన్నాను. "మీరిచ్చిన దాంతో బతికి, హోటల్లో కబాబులు తింటూ మీకు కనబడ్డానని సిగ్గేసింది."

ఆవిడ చేతులాగాయి. "నువ్వు కబాబులు తింటే నేనేమంటననుకున్నవు?"

ఆవిడ చేతిలో ఉన్న కాయను గిన్నెలో పడేసింది.

"గా అమ్మాయికి నిన్ను చూపియ్యాలనుకున్న. అమెరికా మేనకోడలు కాదు, ఇంకో పిల్ల. చూడు, గీమె కోసమే నేను వంగింది అని చెప్పాలనుకున్న. నువ్వు తింటుంటే నాకు ఎంత సంబరమైందో తెలుసా? నువ్వేమో నన్ను చూసి దొంగను చూసినట్టు దాక్కున్నవు." ఆవిడ గొంతులో కోపముంది, ఓదార్పు లేదు. "మేమంత నీ ప్లేట్ల ఏముందో చూసేటోళ్లమనుకున్నవా? నన్ను గంత చిన్నదాన్ని చేసినవు గదమ్మా."

అంతవరకు నా సిగ్గు నాదేననుకున్నాను. నేను మోసేది, నన్ను మాత్రమే నొప్పించేది అనుకున్నాను. దాని చాటున అంతమంది మంచి మనుషుల్ని నేను మనసులో ఎలా ఊహించుకుంటూ వచ్చానో అప్పుడు తెలిసింది. తల ఎత్తలేకపోయాను. ఈసారి నా గొంతు ఏ హీరోయిన్‌దీ కాలేదు. అసలు రానేలేదు.

ఆవిడ బఠాణీల గిన్నె మా మధ్యకు జరిపింది. ఇద్దరం ఒలిచాం. చీకటి పడుతుంటే టీ తెప్పించింది. వెళ్లేటప్పుడు, "సోమవారం క్లాసుకు రా. క్లాసు చెప్పే పిల్ల నన్నొక్కదాన్నే తిడ్తది," అంది.

సోమవారం వెళ్లాను. మెట్ల మీద కాసేపు ఆగి, లోపలికి నడిచాను. కొందరు పలకరించారు, కొందరు చేతులు ఊపుతూనే తల ఊపారు. ఆపరేషనైన వైపు చెయ్యి భుజం దాటి లేవలేదు. నా స్నేహితురాలు వచ్చి ఆ మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టి, "ఇంకొంచెం, అక్కా," అంది. నొప్పికి నేను గట్టిగా అరిచాను. ఆంటీ కుర్చీలోంచి, "మెల్లగనే," అని దాన్ని కసిరింది.