పిలకల పాప, గుండు పాప

ఐనవోలు మల్లన్న జాతరలో తప్పిపోయినవాళ్లను వెతికిపెట్టే డేరా అది. స్నేహలత ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చోగానే మైకు చంద్రమౌళికి నవ్వాగలేదు. ఏళ్ల తరబడి పేర్లు పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయిన పెద్దమనిషి ఆయన. తన మైకుండగా ఈ డబ్బా దేనికని ఆయన ఎకసెక్కం.

స్నేహలతది హన్మకొండ. వారమంతా ఏదో కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఈ 'జాడ' మాత్రం సొంతంగా చేసింది. ఒక ఫోటో ఇస్తే చాలు, జాతరలోని డేరాలన్నింటికీ చేరిన పిల్లల ముఖాలతో పోల్చి చెబుతుంది. కోడ్ చాలామటుకు ఏఐ చేతే రాయించింది. అబ్బో, దాని వేగం ఏం వేగమని! నోట్లోంచి మాట రావడమే ఆలస్యం, రాసి పడేసేది. తప్పు చూపిస్తే అలకా లేదు, రోషమూ లేదు. ఆఫీసులో ఇంత అణకువగల మనిషి ఒక్కరైనా ఉన్నారా అని స్నేహలత తెగ మురిసిపోయేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం, పరకాల దిక్కునుంచి వచ్చిన భవాని ఏడుస్తూ డేరాలోకి పరుగెత్తుకొచ్చింది. రెండున్నరేళ్ల కూతురు మల్లీశ్వరి బోనాల గుంపులో చెయ్యి విడిపించుకుని కనబడకుండా పోయింది. ఫోన్‌లో ఫోటో చూపించింది. రెండు పిలకలు, ఎర్ర రిబ్బన్లు. చంద్రమౌళి వెంటనే పిలకల పాప అంటూ మైకందుకున్నాడు. స్నేహలత ఆ ఫోటోను జాడకిచ్చింది.

పోలినవారెవరూ లేరంది జాడ. మళ్లీ ఇచ్చినా అదే మాట. పాప ఏ డేరాలోనూ లేదని చెప్పేసరికి భవాని నేలమీద కూలబడిపోయింది. బయట ఖమ్మం రోడ్డు వైపు ఆటోలు, ట్రాక్టర్లు ఆగకుండా పోతున్నాయి. పాప అటు పోయిందేమోనని భవాని మళ్లీ ఏడుపందుకుంది.

"పొద్దుగాల్నే పుట్టెంట్రుకలు తీయించినం అక్కా. మల్లన్నకు నేనేం తక్కువ జేసిన?"

స్నేహలత చప్పున తలెత్తింది. "అంటె ఇప్పుడు పాపకు గుండేనా?"

గుండే. పైగా తలకూ ముఖానికీ పసుపు బండారి పూశారట. చంద్రమౌళి నాలుక కరుచుకున్నాడు. స్నేహలతకు తన మీద తనకే మండిపోయింది. ఏఐ ఏ జాతరకొచ్చి గుండు కొట్టించుకుంది గనక, దానికి తెలియడానికి? తన తమ్ముడి పుట్టెంట్రుకలు తీసిందిక్కడే. ఆ ముక్క చెప్పాల్సింది తను. చెప్పలేదు.

తిట్టుకునే తీరిక లేదు. ఫోటోలో జుట్టు తీసేసి ముఖానికి పసుపు పూయమని ఏఐకి చెప్పింది. కిక్కురుమనకుండా చేసి పెట్టింది. ఆ బొమ్మను జాడకిస్తే నలుగురు గుండు పిల్లలు తెరమీదికి వచ్చారు. నలుగురూ ఒక్క కడుపున పుట్టినట్టే ఉన్నారు. భవాని తడుముకోలేదు. ఒక ముఖం మీద వేలు పెట్టింది.

"గిదే నా బిడ్డ."

ఆ పాప ఉన్నది బస్సులాగే చోటి డేరాలో. "తల్లి పోతాంది, జర తొవ్వ ఇడువుండ్రి" అని చంద్రమౌళి మైకులో గర్జించాడు. జనం రెండు పాయలుగా తప్పుకున్నారు. ల్యాప్‌టాప్ గాలికొదిలేసి స్నేహలత కూడా భవాని వెనకే పరుగెత్తింది. గెలిచామని అరవాలనిపించింది. పాపను కళ్లారా చూశాకే అనుకుని పరుగు పెంచింది.

అక్కడ ఎవరో పెద్దావిడ ఒళ్లో మల్లీశ్వరి అరటిపండు తింటోంది. తల్లిని చూడగానే పండు పారేసి, ఆమె చంకనెక్కి, రెండు చేతులా గుండెల మీద కొట్టడం మొదలుపెట్టింది.

"యాడికి పోయినవే అమ్మా?"

"తప్పయింది బిడ్డా" అంది భవాని, "ఇగ యాడికీ పోను."