లావు ముడి

శనివారం వస్తే రావమ్మ రాట్నం పక్కన రెండో పీట వేసి కొంగుతో తుడుస్తుంది. బెజవాడ కాలేజీ వాళ్ళు సమాజసేవకని పంపిన ఇల్మా, ఏడాదిగా ఆ పీట మీదే కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టడం నేర్చుకుంది. నూలు తెగితే అన్నీ లావు ముళ్ళే వేసేది. బట్టలో ముడి కనిపిస్తే నూలిచ్చి పని చేయించుకునే షావుకారు ఊరుకోడు. అందుకే పిల్ల బస్సెక్కాక రావమ్మ వాటిని కత్తిరించి, కాయలు కాసిన వేళ్ళతో సన్నగా మళ్ళీ అతికేది. పోయిన వారం ఇల్మా రావమ్మతో ఫొటో దిగి, "ప్రాజెక్టు అయిపోయింది మామ్మగారూ, ఫుల్ మార్కులండీ!" అని సంబరపడింది. "మంచిది తల్లీ," అంది రావమ్మ. అయినా ఇవాళా పీట వేసింది. పొద్దుగూకాక, ఇల్మా సగంలో వదిలేసిన కండె అందుకుంటే వేలికి లావు ముడి తగిలింది. కత్తెర తీసింది. మళ్ళీ పక్కన పెట్టేసి, "షావుకారు తిడితే తిట్టనీలే," అనుకుంటూ ఆ ముడి మీదే నూలు చుట్టసాగింది.