బిషప్ గారి ముందు నా ప్రసంగం

ఆ రోజుల్లో నాకు మాటలంటే మహా నమ్మకం. గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే ఎలాంటి పనైనా అయిపోతుందనుకునేదాన్ని. ఇరవై రెండేళ్ల వయసు, అప్పుడే బీఈడీ పూర్తయి ఉద్యోగం కోసం ఎదురుచూపులు, రెడ్డిగూడెం పక్కన మా ఊరి చర్చిలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు. మా పాస్టరు గారిని ఊరంతా అయ్యగారనే పిలిచేది. ఆయనకు నేను కుడిభుజాన్నని నా అభిప్రాయం (ఆయన అభిప్రాయం ఎప్పుడూ అడగలేదు).

మామిడి కోతలు మొదలైతే మా ఆదివారం ఆరాధన చర్చిలో ఉండేది కాదు. సంఘంలో అందరూ కోత కూలీలే కాబట్టి అయ్యగారే తెల్లవారేసరికి స్కూటరు మీద తోటకి వచ్చేసేవారు. తోట రైతు గారు హిందువే అయినా పాకలో గడ్డి పక్కకు నెట్టించి మాకు చాపలు పరిపించేవారు. నేను పాట ఎత్తుకునేదాన్ని, అయ్యగారు వాక్యం చెప్పేవారు. కాయల లారీ హారన్ వినపడగానే ఆయన మాట మధ్యలోనే ఆపి, మిగతాది వచ్చే వారమని చెప్పి, అందరికంటే ముందు తానే గంప ఎత్తుకునేవారు. మళ్లీ ఆదివారం సరిగ్గా ఆ మాట దగ్గరే మొదలెట్టేవారు. ఓ ఏడాది బైబిల్లోని తప్పిపోయిన గొర్రె కథ ఎత్తుకుంటే, ఆ గొర్రె దొరికేసరికి కోతలే అయిపోయాయి.

అలాంటి అయ్యగారికి బదిలీ అన్న మాట చెవిన పడేసరికి మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎదిగిన పిల్లల్ని సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకునే కన్ఫర్మేషన్ ఆరాధనకు బిషప్ గారు వస్తున్నారు కాబట్టి, అయ్యగారి గొప్పతనం చెప్పి ఎలాగైనా బదిలీ ఆపించాలని సంఘ పెద్దలు అనుకున్నారు. చెప్పే బాధ్యత సహజంగానే నాది. ఆ రోజు నేను దేన్నీ వదల్లేదు. అయ్యగారు వచ్చాకే సంఘంలో కొట్టుకునే రెండు వర్గాలూ ఒకే చాప మీద కూర్చున్నాయన్నాను. ఊళ్లో తాగుడు పోయిందన్నాను (ముందు వరసలో మా బాబాయి తల దించుకున్నాడు). ఎంత చెడిపోయిన సంఘాన్నయినా నిలబెట్టగల మనిషని ఊగిపోతూ ముగించాను. బిషప్ గారు భోజనంలో మా చిన్నరసాలు మోచేతి దాకా కారుతుండగా తిని, చేయి కడుక్కుని లేచారు. “ఈ అమ్మాయి నా కళ్లు తెరిపించిందండీ. చింతలపూడి వైపు ఒక సంఘం కొట్లాటలతో మూతపడేలా ఉంది. అక్కడికి మీ అయ్యగారినే పంపుతున్నాను” అన్నారు. మొదటి మాటకే మేమంతా చప్పట్లు మొదలుపెట్టేశాం. సంగతి అర్థమయ్యేకొద్దీ ఒక్కొక్కరి చేతులూ ఆగిపోయాయి. చెవి సరిగ్గా వినపడని మా నాయనమ్మ మాత్రం చివరిదాకా కొట్టింది.

అయ్యగారి సామాను కాయల లారీలోనే వెళ్లింది. నేను ఏడుస్తూ నిలబడితే ఆయన దగ్గరికొచ్చి, “నా గురించి ఒక్క చెడ్డ మాటైనా దొరకలేదా అమ్మాయ్ నీకు?” అన్నారు. నవ్వించడానికే అన్నారు గానీ ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి. తర్వాత నాకు ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. వస్తాను అయ్యగారూ అని ఫోన్లో చెప్పడమే గానీ వెళ్లింది లేదు. తలచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు. చివరికి మొన్న వేసవిలో వెళ్లాను, ఆయన భూస్థాపనకి.

అక్కడ ఓ పెద్దావిడ నాది ఏ ఊరని అడిగింది. చెప్పగానే నా చేయి పట్టుకుంది. “మీరు పొగిడి పోగొట్టుకున్నారంట కదమ్మా. అయ్యగారే చెప్పారు. అందుకే ఏ బిషప్ గారొచ్చినా మేం పితూరీలే చెప్పేవాళ్లం. పాట రాదన్నాం, కోపిష్ఠి అన్నాం. ఇలాంటాయన్ని ఇంకెక్కడికి పంపుతాంలే అని రిటైరయ్యేదాకా మాకే వదిలేశారు” అంది.

ఏడుస్తున్నదాన్నే నవ్వేశాను. అంత ప్రేమగా తిట్టుకునే తెలివి మాకెందుకు లేకపోయిందో. ఆ ఇరవై రెండేళ్ల పిల్ల ఎదురుపడితే చేయి పట్టి కూర్చోబెట్టి, కాసేపు నోరు మూసుకోవే అని చెప్పాలని ఉంటుంది. అది వినదు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, మొదలెట్టేస్తుంది.